మార్కులు కలిపే ముందు

యువతలో డిప్రెషన్ ఉందో లేదో చూడటానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. 2001లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఆ ఇబ్బంది లేకపోతే సున్నా, దాదాపు రోజూ ఉంటే మూడు. మొత్తం 27కు పది, ఆపైన వస్తే డాక్టర్ చూడాలంటారు.

ఈ కాగితం పట్టుకుని మంగళగిరి చుట్టుపక్కల కుర్రకారు ముందు కూర్చోవడం నా పని. రత్నాలచెరువులో గుంటమగ్గం నేసే ఇళ్ల పిల్లలు, అమరావతి నిర్మాణాలకు ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు, ఎయిమ్స్‌లో చదవడానికి దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు. ఎవరి బతుకు వాళ్లది. కాగితం మాత్రం అందరికీ ఒకటే.

అలసట ప్రశ్న దగ్గర ఒక నేత కుర్రాడు తడుముకోకుండా ‘రోజూ’ అన్నాడు. ఎందుకని అడిగితే, ‘పొద్దస్తమానం మగ్గం తొక్కితే కాళ్లు లాగవా అండీ?’ అన్నాడు. రేకుల షెడ్డులో పదిమంది మధ్య పడుకునే ఒడియా కుర్రాడికి నిద్ర చాలదు, వండిందేదో తిని పనిలోకి పోతాడు. నిద్ర, అలసట, తిండి... ఈ మూడు ప్రశ్నలకే తొమ్మిది మార్కులు పడొచ్చు. అందులో జబ్బు ఎంత, పని ఎంత?

ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థి దిగులు ప్రశ్నకు సున్నా పెట్టి, తల పగిలిపోతోందని చెబుతాడు. ఆ తొమ్మిది ప్రశ్నల్లో తలనొప్పి లేదు.

కాబట్టి ఎవరైనా ఇద్దరికి పన్నెండేసి మార్కులు వచ్చినా ఇద్దరి బాధా ఒకటే అనలేం. ‘ఫలానా వాళ్లలో డిప్రెషన్ ఎక్కువ’ అని రాసే ముందు, ఆ కొలత అందరి దగ్గరా ఒకేలా పనిచేస్తోందో లేదో తేల్చాలి. ప్రశ్న చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించాలి. దిగులు సమానంగా ఉన్న రెండు వర్గాల వాళ్లు ఒక్కో ప్రశ్నకు ఏం జవాబిచ్చారో పోల్చి, తేడా ఎక్కడొస్తోందో పట్టుకోవాలి. మార్కులు ఎక్కువొచ్చిన వాళ్లలో కొందరితో, తక్కువొచ్చిన వాళ్లలో కొందరితో డాక్టర్ విడిగా మాట్లాడాలి. ఇంత శ్రమ ఎందుకంటారా? కొలత తప్పితే ఒకరికి లేని జబ్బు అంటగడతాం, ఇంకొకరికి ఉన్న జబ్బును వదిలేస్తాం.

తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏం వచ్చినా మొత్తంతో పనిలేదు. కాగితం పక్కనపెట్టి ఆ మనిషితో అక్కడికక్కడే మాట్లాడాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగే కాదు, హిందీ, ఒడియా, బెంగాలీల్లోనూ మాట్లాడతారు. మీ వీధిలో, మీ సైటులో, మీ హాస్టల్లో ఉన్న పిల్లలకు ఆ నంబరు చెప్పండి.