నాక్టర్న్ – లాలి: రాత్రి పాటల నిర్మాణ పరిశీలన

ఉపోద్ఘాతం:
పాశ్చాత్య సంగీతంలోని ‘నాక్టర్న్’ను తెలుగులో రాత్రి పాట అనవచ్చు. ఆ మాట వినగానే తెలుగువారికి లాలి, జోల, పవళింపు పాటలు స్ఫురిస్తాయి. విలంబగతి, మృదువైన గానధోరణి రెండింటికీ సమానం. ఈ సామ్యం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

నాక్టర్న్ నిర్మాణం:
18వ శతాబ్దంలో ‘నొత్తుర్నో’ రాత్రివేళ వినోదానికి వాయించే వాద్యబృంద రచన. మొజార్ట్ 1776లో రచించిన ‘సెరెనాటా నొత్తుర్నా’ ఆ కోవలోనిదే. ఐర్లండుకు చెందిన జాన్ ఫీల్డ్ (1782–1837) ఆ పేరును ఒంటరి పియానోకు తెచ్చాడు. ఇందులో ఎడమచేయి స్వరాలను విడివిడిగా పరుస్తుంది. పెడల్ వల్ల మంద్రస్వరం మోగుతూనే ఉంటుంది. దానిపై కుడిచేయి గాత్రంలా పాడుతుంది. షోపాన్ (1810–1849) 21 నాక్టర్న్‌లు రచించాడు. ఓపస్ 9లోని రెండవ రచనలో మొదటి వరుస తిరిగి వచ్చిన ప్రతిసారీ కొత్త అలంకారాలు చేరుతాయి. ఇది మన సంగతులను గుర్తుచేస్తుంది. అయితే ఓపస్ 48లోని మొదటి రచన వేరు దారి పట్టింది. శోకగంభీరంగా మొదలై, మధ్యలో ప్రార్థనలా నెమ్మదించి, క్రమంగా ఉద్ధృతమవుతుంది. తొలి వరుస తిరిగి వచ్చేసరికి వేగం రెట్టింపవుతుంది, శాంతి మిగలదు.

లాలి ధర్మం:
లాలిలో ఇటువంటి విస్ఫోటం అసాధ్యం. కారణం కవిశక్తి లోపం కాదు, పాట చేయవలసిన పని. కోనసీమ లోగిలిలో తల్లి పాడే జోలకు బిడ్డ నిద్రపోవాలి. పవళింపు సేవలో స్వామి శయనించాలి. మధ్యలో ఉప్పెన లేస్తే నిద్ర చెదిరిపోతుంది. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ‘ఉయ్యాల లూగవయ్య’ నీలాంబరిలో సాగడం ఈ ధర్మానికి అనుగుణం. నాక్టర్న్‌కు నిద్రపుచ్చే బాధ్యత లేదు. అందులో రాత్రి వినేవేళ కాదు, మేలుకొని ఉన్న మనిషి అంతరంగం. అందుకే అది రాత్రిలోని భయాన్ని, దుఃఖాన్ని కూడా పలికించగలిగింది.

ఉయ్యాల నుండి వేదికకు:
రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులుగా త్యాగరాజ శిష్యపరంపరకు చెందినవారు. భజనగోష్ఠిలో, పూజామందిరంలో పాడుకొనే కీర్తనలను కచేరీ శ్రోతలు కూడా వినే కాలం అది. వేదికపై లాలి వినేవారు మేలుకొనే ఉంటారు. ఇక్కడ లాలి స్థితి నాక్టర్న్‌కు దగ్గరవుతుంది: పని పోయి, భావం మిగులుతుంది. అప్పుడు దానిని కచేరీ కొలతలతో తూచి, వైవిధ్యం చాలదనడం విమర్శకు సులభం. కాని ఆ కొలత సరైనది కాదు. శ్రోత మెప్పు కోసం లాలిపై వేగస్వరాలు గుప్పిస్తే ఉయ్యాల ఊపు చెడుతుంది. పాట తన గుర్తింపునే కోల్పోతుంది.

ముగింపు:
నాక్టర్న్, లాలి రెండూ రాత్రి పాటలే అయినా, ఒకటి మెలకువది, మరొకటి నిద్రది. మొదటిదాని గొప్పతనం కలతను దాచకపోవడంలో ఉంది. రెండవదాని గొప్పతనం కలతను దరిచేరనీయకపోవడంలో ఉంది. లాలిలోని నిగ్రహాన్ని లోటుగా కాక నిర్మాణగుణంగా గుర్తించినప్పుడే ఈ తులనాత్మక పరిశీలన న్యాయంగా ఉంటుంది.