మాట మనసుకు అద్దమేనా?

ఎదుటివాని అభిప్రాయం తెలుసుకోవాలంటే అతనినే అడిగితే సరిపోతుందని మనలో చాలమంది నమ్మకం. సాంఘిక మనస్తత్వ శాస్త్రం కూడ చాలకాలం ఈ నమ్మకం మీదనే నడిచింది. మనిషి తలంపులను, నడవడిని పదిమంది నడుమ పెట్టి పరిశీలించే శాస్త్రమిది. 1932లో అమెరికా శాస్త్రజ్ఞుడు రెన్సిస్ లైకర్ట్ ఒక కొలబద్దను ప్రకటించాడు. ఒక వాక్యం చదివి వినిపించి, దానిని "పూర్తిగా అంగీకరిస్తాను" మొదలు "బొత్తిగా అంగీకరించను" వరకు ఉన్న ఐదు మెట్లలో ఏ మెట్టు మీద నిలబడతారో చెప్పమంటారు. వచ్చిన అంకెలను కూడితే ఆ మనిషి మనోవైఖరి తేలుతుందని ఆశ. నేటికీ ప్రశ్నావళులలో అధికభాగం ఈ కొలబద్ద సంతానమే.

ఈ ఆశ పునాదిని ప్రశ్నించిన గ్రంథం ఒకటి 1987లో వెలువడింది. రచయితలు జోనథన్ పాటర్, మార్గరెట్ వెదరెల్. పేరు 'డిస్కోర్స్ అండ్ సోషల్ సైకాలజీ'. మొదటి పదానికి తెలుగులో సరియైన మాట లేదు. మనుషులు మాట్లాడేది, వ్రాసేది, అనగా సంభాషణ, వాఙ్మూలం, ఉత్తరం, పత్రికావార్త, అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. దానిని ఇక్కడ 'వాగ్వ్యవహారం' అని పిలుస్తాను. వ్యవహారం అనే మాటలో 'పని' అనే అర్థం కూడ ఉండడం ఈ సందర్భానికి బాగా కలిసివచ్చింది.

పుస్తకాన్ని తూచడానికి ముందు ఒక పాత చిక్కును చెప్పుకోవాలి. రిచర్డ్ లాపియర్ అనే సాంఘిక శాస్త్రవేత్త 1930–32 మధ్య ఒక చైనా యువ దంపతులతో కలిసి అమెరికాలో దూరప్రయాణాలు చేశాడు. చైనావారి యెడల ఆ దేశంలో ద్వేషం బాహాటంగా ఉన్న రోజులవి. వారు 251 హోటళ్ళలోను, భోజనశాలలలోను అడుగుపెట్టారు. కాదన్నది ఒక్కచోట మాత్రమే. కొన్ని నెలలు పోయిన తరువాత అతడు ఆ యజమానులకే ఉత్తరాలు వ్రాసి, చైనా జాతివారిని అతిథులుగా అంగీకరిస్తారా అని అడిగాడు. సమాధానమిచ్చిన 128 మందిలో నూటికి తొంబైమందికి పైగా "అంగీకరించము" అన్నారు! ఈ ఫలితాన్ని 1934లో ప్రకటించినప్పటి నుండి శాస్త్రజ్ఞులు తల బద్దలు కొట్టుకున్నారు. మాటకు, చేతకు పొత్తు ఎందుకు కుదరలేదు? కొలబద్దలో లోపమా? ప్రశ్నలో లోపమా?

వాగ్వ్యవహార పద్ధతిలో చూస్తే ప్రశ్న వేసిన తీరే తప్పు. హోటలు గుమ్మంలో చక్కని దుస్తులు ధరించి, నవ్వుతూ నిలబడిన ఇద్దరికి గది ఇవ్వడం ఒక పని. ఎక్కడి నుండో వచ్చిన కాగితానికి జవాబు వ్రాయడం మరొక పని. ఆ జవాబులో యజమాని తన హోటలు మర్యాద కాపాడుకుంటున్నాడు. పేచీలు రాకుండ చూసుకుంటున్నాడు. రెండు పనులకు వెనుక ఒకే 'వైఖరి' పెట్టెలో పెట్టిన నగలాగ ఉండాలని మనం ముందుగా అనుకున్నాము కాబట్టి ఆశ్చర్యపోయాము.

ఈ ఆలోచన ఆకాశం నుండి ఊడిపడలేదు. ఆక్స్‌ఫర్డు తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ మాట అనడమే ఒక పని చేయడమని వాదించాడు. అతడు మరణించిన తరువాత 1962లో ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. మాట ఇచ్చినాను అన్నప్పుడు మనం దేనినీ వర్ణించడం లేదు, మాట ఇస్తున్నాము. అమెరికాలో హార్వీ శాక్స్ అనే యువకుడు ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన టెలిఫోను పిలుపుల రికార్డులను పట్టుకుని, సంభాషణలో ఒక మాట తరువాత మరొక మాట ఏ కట్టుబాటుతో వస్తుందో వెదికాడు. పాటర్, వెదరెల్ ఈ పాయలన్నిటిని మనస్తత్వ శాస్త్రం పొలానికి మళ్ళించారు.

వారి సిద్ధాంతాన్ని మన ఇంటి భాషలోనే పరీక్షించుకోవచ్చు. పిల్లవాని చేతి నుండి జారి గ్లాసు ముక్కలైతే "అమ్మా, గ్లాసు పగిలిపోయింది" అంటాడు. అదే పని చెల్లెలు చేస్తే "ఇది గ్లాసు పగలగొట్టిందమ్మా" అంటాడు. వ్యాకరణ పాఠంలో వీటిని అకర్మక క్రియ, సకర్మక క్రియ అని చెప్పి ముందుకు సాగుతాము. కాని మొదటి వాక్యంలో కర్త మాయమైనాడు, రెండవ దానిలో నేరస్థుడు దొరికినాడు. జరిగినది ఒక్కటే, వాక్యం చేసే పని వేరు. అట్లే "అతడు రాలేదు" అన్న మాటకు "రాలేదట" అన్న మాటకు మధ్య ఉన్న ఆ చిన్న 'ట' ఎంత బరువు దింపుతుందో చూడండి. వార్త నాది కాదు, తప్పైతే నన్ను పట్టుకోవద్దు అని ఒక్క అక్షరంలో చెప్పేస్తాము. ఏ కొలబద్దలోను ఈ 'ట'కు చోటు లేదు.

గ్రంథకర్తలు మూడు విషయాలను పదే పదే చెబుతారు. మాట ఏదో ఒక పని కోసం వస్తుంది. ఆ పనికి తగినట్లు చెప్పే సంగతి కట్టబడుతుంది. పని మారినప్పుడల్లా చెప్పే తీరు మారుతుంది. ఈ మూడవది వారి అసలు ఆయుధం. ఒకే మనిషి ఒకే విషయం మీద పది నిమిషాల తేడాతో రెండు రకాలుగా మాట్లాడితే, పాత పద్ధతివారు దానిని కొలతలో దొర్లిన పొరపాటుగా భావించి సగటు తీస్తారు. అసలు సంగతి ఆ తేడాలోనే ఉన్నది అంటారు వీరు. తేడాలను శాస్త్రజ్ఞులు మాయం చేసే మార్గాలు మూడింటిని కూడ చూపుతారు. జవాబుకు చోటు లేకుండ ప్రశ్నను బిగించడం ఒకటి. వచ్చిన జవాబులను పెద్ద పెద్ద గంపలలోకి ఎత్తివేయడం రెండవది. తమ సిద్ధాంతానికి సరిపోయినవే ఏరుకుని చదవడం మూడవది. నాకు తెలిసినంతలో పుస్తకంలో దీనికంటె పదునైన పేజీలు లేవు. పరీక్షపత్రాలు దిద్దే ఉపాధ్యాయులు వీటిని చదివితే గంపల సంగతి వెంటనే గుర్తుపడతారు.

ఈ పద్ధతి బలం తెలియాలంటే శాస్త్రజ్ఞుల మాటలనే పరిశీలించిన ఒక పని చూడాలి. నైజెల్ గిల్బర్ట్, మైకేల్ మల్కే అనే ఇద్దరు సాంఘిక శాస్త్రవేత్తలు జీవరసాయన శాస్త్రజ్ఞులను కలుసుకుని మాట్లాడి, వారి వ్యాసాలను కూడ చదివి, 1984లో ఒక పుస్తకం ప్రకటించారు. ఆహారం ఆక్సీకరణం చెందినప్పుడు వెలువడే శక్తితో జీవకణం ఏ.టి.పి. అనే పదార్థాన్ని ఎట్లా తయారుచేస్తుందన్నది ఆ శాస్త్రజ్ఞుల వివాదం. పీటర్ మిచెల్ 1961లో ఒక కొత్త సిద్ధాంతం ప్రతిపాదించి, 1978లో నోబెల్ బహుమతి పొందింది ఈ రంగంలోనే. పత్రికలలో అచ్చయిన వ్యాసాలలో మనిషి కనిపించడు. ప్రయోగం చూపింది, ఫలితాలు సూచించాయి, అని ఉంటుంది. అదే శాస్త్రజ్ఞుడు కుర్చీలో కూర్చుని ముచ్చటించినప్పుడు కథ వేరు. తన నిర్ణయానికి కారణం ప్రయోగమే. ఎదుటివాని పొరపాటుకు మాత్రం కారణాలు మొండితనం, కీర్తికాంక్ష, చేతికి పనితనం లేకపోవడం! రెండు భాషలు ఢీకొనే చోట, కాలక్రమాన ప్రయోగాలే నిజాన్ని బయటపెడతాయనే మాటతో ముడి వేస్తారు. ఇట్లా సందర్భాన్ని బట్టి తీసి వాడుకునే మాటల మూటలను పాటర్, వెదరెల్ కూడ తమ పరిశీలనకు ముఖ్య సాధనంగా తీసుకున్నారు. రాగం పాడేవాడు స్వరాలను కొత్తగా సృష్టించడు గదా. ఉన్నవాటినే సందర్భానికి తగినట్లు కూర్చుకుంటాడు.

తరువాత వారిద్దరు కలిసి 1992లో న్యూజిలాండులోని తెల్లవారి మాటల మీద మరొక పుస్తకం వ్రాశారు. అక్కడి మావోరీల గురించి, ఇతర పోలినేషియా జాతుల గురించి వారు మాట్లాడే తీరు దాని విషయం. 1987 గ్రంథంలోనే ఈ పని మొదలైనది. "నాకు వాళ్ళ మీద ద్వేషమేమీ లేదు గాని..." అన్న ధోరణి వాక్యాలను వారు విప్పి చూపినారు. ఈ 'గాని' మనకు చిరపరిచితమే. ముందు భాగం రాబోయే నిందకు కట్టిన గొడుగు. తరువాతి భాగం నింద. కొలబద్ద మీద ఈ మనిషిని ఏ మెట్టున నిలబెట్టాలి? ముందు భాగం చూస్తే ఉదారుడు, వెనుక భాగం చూస్తే ద్వేషి. అతడు రెండూ కాడు. ద్వేషి అనిపించుకోకుండ నింద వేసే పనిలో ఉన్నాడు. జాతి, కులం, మతం అనే వాటి మీద ప్రశ్నావళులు పంచి, "వివక్ష తగ్గిపోయింది" అని అంకెలు చూపేవారు ఈ అధ్యాయం చదవక తప్పదు. తగ్గినది వివక్షయో, లేక 'గాని'కి ముందు వచ్చే మాటల మర్యాద పెరిగినదో అంకె చెప్పలేదు.

ఇంతవరకు గ్రంథకర్తలతో నాకు పేచీ లేదు. పేచీ తరువాతి అడుగుతో. మాటకు వెనుక మనసులో ఏమున్నది అన్న ప్రశ్ననే పక్కన పెట్టమంటారు వారు. మాటను మాటగానే చూడాలి, దాని ద్వారా లోపలికి తొంగి చూడరాదు అని నియమం. పరిశోధనకు ఇది మంచి క్రమశిక్షణ. కాని మనస్తత్వ శాస్త్రానికే ఇది చాలునని అంటే ఒప్పుకోవడం కష్టం.

అమెరికాలో జాన్ హెరిటేజ్, అతని సహచరులు 2007లో ప్రకటించిన ఒక ప్రయోగం ఇందుకు సాక్ష్యం. అది ఈ పద్ధతికి దాయాది అయిన సంభాషణా విశ్లేషణ నుండి పుట్టినదే. రోగి తన బాధ చెప్పుకున్న తరువాత వైద్యుడు "ఇంకా ఏమైనా ఉన్నదా?" అని అడుగుతాడు. ఇంగ్లీషులో ఈ 'ఏమైనా'కు 'ఎనీ' అని, 'సమ్' అని రెండు మాటలున్నాయి. మొదటిది "లేదు" అనే జవాబు వైపు మొగ్గుతుంది. రెండవది "ఉన్నది" అనే జవాబు వైపు. వైద్యులలో కొందరికి ఒక మాట, కొందరికి మరొక మాట నేర్పి పంపారు. 'సమ్' అని అడిగినచోట, చెప్పుకోకుండ మిగిలిపోయే బాధలలో నూటికి 78 తొలగిపోయాయి. 'ఎనీ' అని అడగడం అసలు అడగకపోవడంతో సమానమైంది. ఒక్క మాట ఇంత పని చేసిందంటే వాగ్వ్యవహార వాదులకు ఇంతకంటె విజయం ఏమున్నది?

అయితే మిగిలిపోయిన బాధలు ఎన్నో పరిశోధకులకు ఎట్లా తెలిసింది? రోగులు వైద్యుని గదిలోకి వెళ్ళకముందే ఏయే బాధలతో వచ్చారో వారిచేత కాగితం మీద వ్రాయించారు. అనగా మాటకు ముందే మనిషిలో ఒక బాధ ఉన్నది, అది బయటకు రావచ్చు, రాకపోవచ్చు అని ఒప్పుకున్నారు. ఆ కాగితం కూడ మరొక వాగ్వ్యవహారమే గదా అని గ్రంథకర్తల పక్షంవారు అనవచ్చు. నిజమే. కాని కడుపులో నొప్పి ఉండి చెప్పలేక తిరిగివెళ్ళిన మనిషికి, నొప్పి లేని మనిషికి తేడా చెప్పలేని శాస్త్రం వైద్యునికి ఎందుకు? తరగతిలో "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగి, నిశ్శబ్దాన్నే సమాధానంగా తీసుకుని గంట కొట్టగానే వెళ్ళిపోయే ఉపాధ్యాయునికీ ఇదే తేడా కావాలి. ఆ నిశ్శబ్దం ప్రశ్న కట్టుబడి వలన వచ్చినదని ఈ పద్ధతి చెప్పగలదు. వెనుక బల్లమీది పిల్లకు భిన్నాలు అర్థమైనాయో లేదో చెప్పలేదు.

మరొక లోపం ఆధారాలది. 1987 గ్రంథం వాడుకున్న మాటలలో చాలభాగం పరిశోధకులు ప్రశ్నించి రాబట్టినవి. ప్రశ్నావళిని కాదన్నవారు ప్రశ్నించేవానిని ఇంట్లోకి రానిచ్చారన్నమాట. ఈ సంగతి పాటరే తరువాత గ్రహించాడు. అలెక్సా హెప్‌బర్న్‌తో కలిసి 2005లో వ్రాసిన వ్యాసంలో ఇట్టి ముఖాముఖిల ఇబ్బందులను ఏకరువు పెట్టి, మనుషులు తమంతట తాము మాట్లాడుకునే సందర్భాల వైపు మొగ్గాడు. శిష్యపరంపరతో వచ్చిన చిక్కు వేరు. నాలుగు వాక్యాలు ఎత్తివ్రాసి, సారాంశం చెప్పి, దానినే విశ్లేషణ అన్నవారు ఎందరో. 2003లో పాటర్‌తో సహా నలుగురు కలిసి ఇది విశ్లేషణ కాదని ఆరు దోషాలను విడమరచి ఒక వ్యాసం వ్రాయవలసివచ్చింది.

పుస్తకం అంతా చదివే తీరిక లేనివారు వైఖరులను చర్చించిన రెండవ అధ్యాయం, పనిచేసే పద్ధతిని పది మెట్లుగా చెప్పిన ఎనిమిదవ అధ్యాయం చదివితే చాలు. శ్రమ మాత్రం తక్కువని ఎవరూ భ్రమపడరాదు. ఒక గంట సంభాషణను దగ్గులు, విరామాలు, తడబాట్లతో సహా కాగితం మీద పెట్టడానికి పది గంటలకు పైగా పడుతుంది. ఇందులోని ఉదాహరణలన్నీ ఇంగ్లీషు మాట్లాడేవారివి. 'నువ్వు', 'మీరు' అన్న తేడా గాని, పరాయివానిని అన్నా అని, బాబాయి అని వరస కలిపి పిలిచే ఆచారం గాని ఆ భాషలో లేవు. కరణంతో మాట్లాడిన రైతు, పొలానికి వెళ్ళి పాలేరుతో మాట్లాడినప్పుడు క్రియకు తగిలించే ప్రత్యయమే మారిపోయే భాష మనది. ఇంగ్లీషులో గంటలకొద్ది వెదికి పట్టుకోవలసిన తేడాలు తెలుగులో వాక్యం చివరనే కనిపిస్తాయి. తల్లిదండ్రుల అనుమతితో ఒక తరగతి సంభాషణను రికార్డు చేసి, ఆ గంటలో ఎవరెవరు ఎక్కడెక్కడ 'ట' వాడినారో, ఎక్కడ కర్తను దాచినారో లెక్క వ్రాయడం పదవ తరగతి విద్యార్థులకు కూడ సాధ్యమైన పని.