బీల – తంపర – బంజరు: ఉద్దానం తీరంలో పౌర సమానత్వపు భాష

ఉపోద్ఘాతం

చట్టం ముందు అందరూ సమానులేనని భారత రాజ్యాంగం 14వ అధికరణం చెబుతుంది. అయితే పౌరుడు చట్టం ముందుకు ఏదో ఒక భాషతోనే వస్తాడు. అతని మాటకు దస్త్రంలో చోటు లేనప్పుడు ఆ సమానత్వం ఎంతవరకు నిలుస్తుంది? పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతాల్లో నేలకు ప్రజలు పెట్టుకున్న పేర్లనూ అధికార పత్రాలు పెట్టిన పేర్లనూ పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మందస: హక్కా, నేరమా?

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. మందస జమీందారీ రైతులు అడవి నుంచి కలప, కట్టెలు తెచ్చుకోవడాన్ని అనుభవ హక్కుగా భావించారు. జమీందారీ దృష్టిలో అది నేరం. ఆ ఏడాది ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో జరిగిన పోలీసు కాల్పుల్లో గున్నమ్మతోపాటు మరికొందరు మరణించారు. ఆమె ‘వీరగున్నమ్మ’గా జనస్మృతిలో నిలిచింది. ‘వీర’ అన్న విశేషణం ఆమె సాహసాన్ని నిలిపింది కాని, ఆ సాహసం వెనుక ఉన్న హక్కు వాదనను కొంత మరుగుపరచింది. ఆమెను త్యాగమూర్తిగా మాత్రమే చదివే విమర్శ ఈ రెండో అంశాన్ని గుర్తించవలసి ఉంది.

బీలను బంజరు అనడం

సోంపేట పరిసరాల్లో నీరు నిలిచే పల్లపు నేలను ‘బీల’ అంటారు. వరి, చేపలు, పశువుల మేత, సాగునీరు – ఇన్ని జీవనాధారాలు ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ఒడియాలో ‘బిల’ అంటే వరిపొలం. ఈ రెండు పదాల సంబంధం పరిశీలించదగినది. తెలుగు ‘బీడు’కు ఇది ధ్వనిలో దగ్గర, అర్థంలో దూరం. థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదనలో మాత్రం ఈ నేల ‘బంజరు’ అయింది. బంజరు అన్న తరువాత అక్కడ పోగొట్టుకునేవారెవరూ లేరన్న అర్థం దానంతటదే వస్తుంది. 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ప్రజలు మొదటినుంచి చెబుతున్న మాటకు చట్టంలో విలువ వచ్చేసరికి మనుషులు మిగలలేదు.

టెక్కలికి సమీపంలోని కాకరాపల్లి చిత్తడి నేల ‘తంపర’. మత్స్యకారుల జీవిక దానిపై ఆధారపడి ఉంది. గంజాం జిల్లా ఛత్రపురం దగ్గరి సరస్సు పేరు కూడా తంపరే. రాష్ట్ర సరిహద్దును లెక్కచేయని జల పదమిది. ఇక్కడా విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించినవారిపై 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి.

వినడం అనే బాధ్యత

2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ కార్యక్రమాన్ని నమోదు చేసి, సభ చివర స్థానిక భాషలో ప్రజలకు వివరించాలి. పౌరుని భాషకు చట్టం ఇచ్చిన స్థానం ఇది. కాని చెప్పింది నమోదు కావడం వేరు, చెప్పిన మాట నిర్ణయాన్ని మార్చడం వేరు.

ఈ ప్రాంతానికి ఇది కొత్త సమస్య కాదు. పర్లాకిమిడి కేంద్రంగా వ్యావహారిక భాష కోసం వాదించిన గిడుగు రామమూర్తి సవర భాషకూ అంతే శ్రద్ధతో సేవ చేశారు. ఆయన కృషిని శైలీ వివాదంగా మాత్రమే చూడడం తక్కువ చేసి చూడడమే. ఎవరి మాట చదువుకు, పాలనకు తగినదన్న ప్రశ్న అందులో ఉంది. ఒడియా మాతృభాషగా గల బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహి తెలుగులో జముకుల కథను రాజకీయ ప్రసంగ వేదికగా మలిచారు. ఆయన ఎన్నుకున్న సాయుధ మార్గం వేరే చర్చ. పల్లె కళారూపంలో పాలనను ప్రశ్నించవచ్చని చూపడం మాత్రం సాహిత్య చరిత్రకు సంబంధించిన విషయం.

ముగింపు

రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం – ఈ వైరుధ్యాన్ని ఎక్కువ కాలం కొనసాగనిస్తే ప్రజాస్వామ్యానికే ముప్పని 1949 నవంబర్ 25న అంబేద్కర్ రాజ్యాంగ సభను హెచ్చరించారు. ఉద్దానం అనుభవం ఆ వైరుధ్యానికి భాషాపరమైన ముఖాన్ని చూపుతోంది. ఓటు వేసేటప్పుడు రైతు, మత్స్యకారుడు అందరితో సమానులు. తమ నేల పేరు చెప్పేటప్పుడు కారు. కాబట్టి ఉత్తరాంధ్ర సాహిత్యంలో కనిపించే బీల, తంపర వంటి మాటలను మాండలిక విశేషాలుగా పట్టికలో చేర్చి వదిలివేయడం చాలదు. అవి పౌరుల సాక్ష్యాలు. వాటిని అలా చదవడం విమర్శ బాధ్యత. దస్త్రంలోకి ఎక్కించడం రాజ్యం బాధ్యత.