లెక్కలోకి రాని పని: అరోయో, డిపోటో

1961లో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు పిచర్ వైటీ ఫోర్డ్ 25 ఆటలు గెలిచాడు. వాటిలో చాలావాటిని చివర్లో చేజారకుండా కాపాడింది లూయిస్ అరోయో. ప్యూర్టో రీకో నుంచి వచ్చిన పొట్టి మనిషి, ఆట మధ్యలో దిగే ఎడమచేతివాటం రిలీఫ్ పిచర్, వయసు 34. కార్డినల్స్, పైరేట్స్, రెడ్స్ ఒకరి తర్వాత ఒకరు వదులుకోగా 1960లో యాంకీస్‌కు చేరాడు. అతని ఆయుధం స్క్రూబాల్. మామూలు వంపుకు ఎదురు దిశలో తిరిగి, కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా జారిపోయే బంతి అది. ఆ ఏడాది 65 ఆటల్లో దిగి 15 గెలిచాడు, 5 ఓడాడు, 29 సేవ్‌లు చేశాడు.

ఆధిక్యాన్ని నిలబెట్టి ఆట ముగించినవాడికి దక్కేది సేవ్. కానీ 1969 దాకా అది అధికారిక గణాంకమే కాదు. ఆ 29 అన్న అంకె తర్వాతి వాళ్లు పాత స్కోరుకార్డులు తిరగేసి కట్టిన లెక్క.

మరో రిలీఫ్ పిచర్ జెర్రీ డిపోటో కథ ఇక్కడే వేరవుతుంది. 1993 నుంచి 2000 వరకు క్లీవ్‌లాండ్, మెట్స్, కొలరాడో జట్లకు ఆడాడు. మధ్యలో థైరాయిడ్ క్యాన్సర్‌ను దాటాడు, చివరికి మెడ గాయంతో ఆపేశాడు. పిచర్‌గా అరోయో శిఖరానికి అతను ఏనాడూ చేరలేదు. అయినా అతని 49 సేవ్‌లలో ప్రతిదీ మర్నాటి పేపర్లో అచ్చయింది.

ఇద్దరూ తర్వాత ప్రతిభ ఉన్న ఆటగాళ్లను వెతికే స్కౌట్లయ్యారు. అరోయో చేయి 1962లోనే మొరాయించింది. ఆట మానేశాక యాంకీస్‌కే కుర్రాళ్లను వెతికాడు. డిపోటో రెడ్ సాక్స్ స్కౌట్‌గా మొదలై 2011లో ఏంజెల్స్ జనరల్ మేనేజర్ అయ్యాడు. గణాంకాల విశ్లేషణను మైదానంలో ఎంత వాడాలన్న దానిపై మేనేజర్ మైక్ సోషియాతో పొసగక 2015లో తప్పుకున్నాడు. అదే ఏడాది సియాటిల్ జట్టు అదే పదవికి అతన్ని తీసుకుంది. 2001 తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడని ఆ జట్టు 2022లో చూసింది.

పాతవాళ్లది కన్ను, కొత్తవాళ్లది అంకె అని తేల్చేయడం నాకు నచ్చదు. బంతి ఎటు, ఎంత తిరుగుతోందో కొలిచే నేటి పరికరాలు అప్పుడే ఉంటే, అరోయోను మూడు జట్లు అంత తేలిగ్గా వదులుకునేవి కావు. అంకెలు అతనికి శత్రువులు కావు, ఆలస్యంగా వచ్చిన సాక్షులు. ఇద్దరి మధ్య అసలు తేడా, చేసిన పని ఎవరి ఖాతాలో పడిందన్నది. డిపోటో చేసే ప్రతి ఆటగాళ్ల మార్పిడీ అతని పేరు మీదే చర్చకు వస్తుంది. తప్పయితే తిట్లూ అతనికే. స్కౌట్‌గా అరోయో చూపిన ఓపికకు అలాంటి పద్దు లేదు. మంచి కుర్రాడు దొరికితే పేరు కుర్రాడికి, కప్పు జట్టుకు. రిలీఫ్ పిచర్‌గా ఉన్నప్పుడూ అతని పరిస్థితి దాదాపు ఇదే.

కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆటగాళ్లకు, మేనేజర్లకు, అంపైర్లకు, ఎగ్జిక్యూటివ్‌లకు చోటుంది. స్కౌట్లకు విడిగా విభాగం లేదు. సేవ్‌ను 1969లో లెక్కలోకి తెచ్చిన ఆట, ఈ పనికి ఇన్నేళ్లయినా ఆ పాటి గౌరవం ఇవ్వకపోవడం అన్యాయం.