కుట్టు దండకం

కుట్టూ, ముందుగా నీకో దండం.

గుడ్డ మీద పాటలున్నాయి. మగ్గం మీద ఉన్నాయి. చీర కొంగు మీదైతే లెక్కే లేదు. నీ మీద మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. పైకి తేలితే పనితనం లేదంటారు, తేలకపోతే నీ ఊసే ఎత్తరు. పెళ్లి పందిట్లో గుంజ లాంటిదానివి నువ్వు. మామిడాకులన్నీ నీకే కడతారు, ఫోటోలో మాత్రం నిన్ను పట్టించుకోరు.

నిన్ను చూడ్డం నాకు నేర్పింది మా అమ్మ. చీరల కొట్లో తెల్లటి పరుపు మీద కూర్చుంటే, కొట్టతను పట్టుచీర విప్పి జలపాతంలా ఒళ్లో పోసేవాడు. అమ్మ రంగు చూసేది కాదు, అంచు చూసేది కాదు. ముందు కొంగు తిరగేసేది. వెనక పోగులు వేలాడుతున్నాయా అని అరచేత్తో నిమిరేది, బూటా చివర గోటితో గీకేది. "వెనకనుంచి బాగున్నదే బాగున్నట్టు" అనేది. జాకెట్టు కుట్టించుకొచ్చినా అంతే. తొడుక్కునే ముందు లోపలివైపుకి తిప్పి, చంక కింద ఎంత గుడ్డ వదిలారో చూసేది. రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవాలి కదా!

తర్వాత పారిస్ వాళ్ల, లండన్ వాళ్ల ఫ్యాషన్ కలెక్షన్లను పుస్తకాల్లో, మ్యూజియం ఫోటోల్లో గంటల తరబడి చూసే జబ్బు నాకు పట్టుకుంది. అమ్మ అలవాటు మాత్రం వదల్లేదు. ఏ డిజైనరు ఏ చిత్రకారుడి పేరు చెప్పినా, ఏ సామ్రాజ్యం కథ చెప్పినా, నా మనసు ముందు కొంగు తిరగేస్తుంది. బొమ్మ సరే, కథ సరే, కుట్టు ఏది?

నీ అవతారాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నల్లగీత అవతారం.

1965. పారిస్ డిజైనరు ఈవ్ సెయింట్ లారెంట్ ఆ చలికాలపు కలెక్షన్ కోసం చిత్రకారుడు పీట్ మాండ్రియన్ బొమ్మల్ని గౌన్లుగా చేశాడు. మాండ్రియన్ అప్పటికి పోయి ఇరవై ఏళ్లు దాటింది. తెల్లటి గళ్లు, మధ్య మధ్య ఎరుపు, నీలం, పసుపు, వాటిని విడదీస్తూ నల్లటి గీతలు. చూడ్డానికి పిల్లలు స్కేలు పెట్టి గీసినంత తేలిక. గుడ్డ మీద అచ్చు కొట్టేస్తే ఒక్కపూట పని. ఆయన అచ్చు కొట్టలేదు. ఉన్ని జెర్సీ గుడ్డలో ఒక్కో రంగుముక్కనీ విడిగా కత్తిరించి, ఒక్కో నల్లపట్టీనీ విడిగా కత్తిరించి, జత చేయించాడు. మాండ్రియన్ కాన్వాసు బల్లపరుపు. మనిషి ఒళ్లు బల్లపరుపు కాదు. ఛాతీ దగ్గర ఎత్తు, నడుము దగ్గర లోతు. ఆ వంపు కోసం మామూలుగా టైలరు డాట్లు వేస్తాడు. డాటు వేస్తే గీత వంకరపోతుంది, బొమ్మ చెడుతుంది. అందుకని ఆ వంపులన్నిటినీ నల్లగీత పక్కనున్న కుట్టుల్లోకి తోసేశాడు. బయటికి నిటారు గీత, లోపల ఒంటి ఒంపు. చిత్రకారుడికి గీత ఎంత ముఖ్యమో దర్జీకి కుట్టు అంత ముఖ్యమని, ఆ రెండూ ఒకటే కాగలవని ఆ రోజు రుజువైంది. కుట్టూ, నువ్వు గీతవై వెలిగిన రోజది. నమో నమః.

ఇంకో అవతారం నీది, ఐమూల అవతారం.

పడుగు నిలువు, పేక అడ్డం. ఆ దారినే కత్తిరిస్తే గుడ్డ చెప్పినట్టు వింటుంది. ఐమూలగా కత్తిరిస్తే సాగుతుంది, జారుతుంది, ఒంటిని వెతుక్కుంటుంది. మన లేడీస్ టైలర్లు క్రాస్ కటింగ్ జాకెట్టు అనేది ఈ కోతనే. 1912లో పారిస్‌లో సొంత సంస్థ తెరిచిన మదలీన్ వియొన్నే గౌను మొత్తాన్నీ ఐమూలకు తిప్పింది. గ్రీకు శిల్పాల మీద గుడ్డ ఎలా జాలువారుతుందో చూసి, ఆ రాతి మడతల్ని పట్టులోకి దింపింది. కాగితం మీద బొమ్మ గీసుకోకుండా చిన్న కొయ్యబొమ్మ చుట్టూ గుడ్డ చుట్టి, గుండుసూదులు గుచ్చుతూ ఆలోచించేది. చిన్నతనంలోనే బడి మాని సూది పట్టిన మనిషి. తన గౌన్లను ఊరంతా కాపీ కొడుతుంటే లేబులు మీద బొటనవేలి ముద్ర వేసింది. మన దగ్గర వేలిముద్ర అంటే అక్షరం రాని చేతి గుర్తు. ఆమె దాన్నే పనితనానికి సంతకం చేసింది. తన దగ్గర పనిచేసే కుట్టుపని అమ్మాయిలకు జీతంతో కూడిన సెలవులు, భోజనశాల, వైద్యం ఏర్పాటు చేసింది. గ్రీకు మడతల్ని చాలామంది అరువు తెచ్చుకున్నారు. ఆమె వాటితోపాటు పనిచేసే చేతుల్నీ తలుచుకుంది. అందుకే వియొన్నేకి నా దండకంలో పెద్దపీట.

వెనిస్‌లో డిజైనరు మరియానో ఫోర్చూని ఉన్నాడు. డెల్ఫీ తవ్వకాల్లో 1896లో దొరికిన కంచు రథసారథి విగ్రహం ఒంటి మీద నిలువు మడతలు చూసి, ఆయన, భార్య ఆన్రియెట్ కలిసి డెల్ఫోస్ గౌను కట్టారు. భుజం నుంచి పాదం దాకా సన్నటి కుచ్చిళ్లు, పక్కన కుట్టు వెంట వెనిస్ గాజుపూసలు. గాలికి పట్టు లేచిపోకుండా ఆ పూసల బరువు కాపలా. గౌను విప్పాక ఇస్త్రీ చేయకూడదు, తాడులా మెలిపెట్టి గుండ్రటి డబ్బాలో చుట్ట చుట్టి పెట్టాలి. తడి ఓణీని మెలిపెట్టి ముడేసి ఆరబెట్టిన ఆడపిల్లలకు ఆ కిటుకులో సగం తెలుసు. మిగతా సగం వాళ్లతోపాటే వెళ్లిపోయింది. రెండువేల ఏళ్లు దాటిన కంచును పిడికిట్లో పట్టే పట్టుగా మార్చినవాళ్లకు చరిత్ర అంటే ఏమిటో తెలుసనే నేననుకుంటాను.

కాజాగా కన్ను తెరిచేదానా, కచ్చా కుట్టువై ముందు వచ్చి పని కాగానే తప్పుకునేదానా, గొలుసువై సాగేదానా, కాడవై పూలను మోసేదానా, అంచు మడిచి హెమ్మింగువై దాక్కునేదానా, అద్దం చుట్టూ కోటకట్టేదానా, చిరుగు మీద చెయ్యేసి కూర్చునేదానా, నమో నమః.

చిరుగన్నాను కాబట్టి చెప్పాలి. 1938లో డిజైనరు ఎల్సా స్కియాపరెల్లి, చిత్రకారుడు సాల్వడార్ దాలీ కలిసి చిరుగుల గౌను చేశారు. గౌను మీద చిరుగులు అచ్చువేసిన బొమ్మలు, చీల్చిన తోలులా ఉంటాయి. తల మీంచి దిగే మేలిముసుగు మీద మాత్రం చిరుగులు నిజంవి. ఒక్కొక్కటీ కత్తిరించి, లోపల గులాబిరంగు గుడ్డ వేసి కుట్టినవి. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. సర్కసు పేరుతో తెచ్చిన కలెక్షన్‌లో గాయాన్ని చూపించిన గుండె ఆమెది. నాకు మాత్రం ఇంకో సంగతి కనపడుతుంది: చిరుగు చిరుగులా నిలబడాలన్నా కుట్టే దిక్కు.

ఇక నీ పూల అవతారం. 1988 వసంతానికి సెయింట్ లారెంటే వాన్ గో పూలను కోటు మీదికి తెచ్చాడు. వాన్ గో ఆ ఐరిస్ పూలను 1889 మే నెలలో, సాఁ రెమీ ఆశ్రమంలో మనోవ్యాధికి చికిత్స కోసం చేరిన కొత్తలో వేశాడు. ఆ బొమ్మ 1987 నవంబరులో వేలంలో 5 కోట్ల 39 లక్షల డాలర్లకు పోయింది. రెండు నెలలు తిరిగేసరికి అవే పూలు పారిస్ వేదిక మీద నడిచాయి. డబ్బు వాసనకు వచ్చిన ఆలోచనేమో అని మొదట మూతి ముడిచాను. లెసాజ్ ఎంబ్రాయిడరీ ఇంటివాళ్లు చేసిన ఆ పని దగ్గరనుంచి తీసిన ఫోటోలో చూశాక మూతి మామూలైంది. 22 రంగుల్లో రెండున్నర లక్షల చెమ్కీలు. రెండు లక్షల పూసలు. 250 మీటర్ల రిబ్బను. ఒక్క కోటుకు 600 గంటలు, అంటే రోజుకు 8 గంటల చొప్పున 75 రోజులు. వాన్ గో కుంచె ఒక్క విసురులో వేసిన ఆకును సూది వంద పోట్లలో వేసింది. అప్పు తెచ్చుకున్న పూలకు వడ్డీతో సహా చెల్లించిన బాకీ అది.

లండన్‌లో దర్జీపని నేర్చిన అలెగ్జాండర్ మెక్వీన్ 2010 ఫిబ్రవరిలో తన చేత్తోనే ప్రాణం తీసుకున్నాడు. అతని బల్ల మీద మిగిలిన 16 జతల్ని మార్చిలో పారిస్‌లో కొద్దిమంది ముందు చూపించారు. పాత చర్చిల్లోని దేవదూతలు, హైరానిమస్ బాష్ గీసిన నరకాలు ఆ బట్టల్లోకి వచ్చాయి. వాటిలో కొన్ని బొమ్మలు గుడ్డలోనే నేసినవి, జకార్డు నేత. మన ధర్మవరం మగ్గం మీద అట్టల దండ తిరుగుతుంటే బూటా ఎలా పుడుతుందో చూసినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. భయంకరమైన అందం. అయినా అందమే.

ఇప్పుడు నిందాస్తుతి. దండకంలో అదీ ఉండాలి.

కుట్టూ, నిన్ను ఎగ్గొట్టి పేరు కొట్టేసేవాళ్ల సంగతేమిటి? గొప్ప చిత్రాన్ని కంప్యూటర్లోంచి తీసి బనీను మీద అచ్చుకొట్టి, పక్కన "ప్రేరణ" అని రాస్తే కలెక్షనైపోతుందా? నా లెక్కలో అది గోడకు అంటించాల్సిన పోస్టరు, దారితప్పి ఒంటి మీదికొచ్చింది. ప్రేరణ చాలా మర్యాదస్తురాలైన మాట. దాని అసలు పేరు అప్పు. అప్పు చేయడం తప్పు కాదు, చేయకుండా ఏ కళా బతకలేదు. నోటు రాయకపోవడం తప్పు. 2025 జూన్‌లో మిలాన్ వేదిక మీద ప్రాడా సంస్థ మోడళ్లు కొల్హాపురి చెప్పుల్ని పోలిన చెప్పులు తొడుక్కుని నడిచారు. మహారాష్ట్ర, కర్ణాటకలకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చిన చెప్పులవి. ఇక్కడ గోలపెట్టాకే అవి భారతీయ చేతిపని నుంచి వచ్చాయని ఆ సంస్థ ఒప్పుకుంది. ఆ ఒక్కమాట ముందే రాసి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

ఈ అప్పుల పద్దులో మన తీరం పేరూ ఉంది, చిన్న అక్షరాల్లో.

మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1611లో కొట్టు తెరిచారు. వాళ్లకు ముందే డచ్చివాళ్లొచ్చారు. ఓడలకెక్కిన సరుకులో మన అద్దకాల గుడ్డలున్నాయి. కరక్కాయ, పాలు కలిపి గుడ్డను నానబెట్టాలి. పటిక నీళ్లతో గీసి, చిరువేరుతో ఉడికిస్తే ఎరుపు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెడితే నలుపు. పారే నీటిలో ఉతకాలి, ఎండలో ఆరేయాలి, మళ్లీ ఉతకాలి. ఉతికితే పోని రంగును యూరప్ అంతవరకు అంత చవగ్గా చూడలేదు. పిచ్చెక్కిపోయింది. తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్సు 1686లో ఈ దేశపు అద్దకాలను నిషేధించింది. లండన్‌లో 1719లో, అద్దకపు గుడ్డ కట్టిన ఆడవాళ్ల మీద నేతగాళ్లు వీధుల్లోనే పడి బట్టలు చింపారు. ఫ్రాన్సు నిషేధం 1759లో పోయింది. మరుసటి ఏడే వెర్సాయి దగ్గర జూయి అనే ఊళ్లో ఓబర్‌కాంఫ్ అద్దకపు కార్ఖానా పెట్టాడు. తూర్పు నుంచి వచ్చిన మోజు ఫ్రెంచి పేరు తెచ్చుకుంది: త్వాల్ దె జూయి. 1947లో క్రిస్టియన్ డియోర్ పారిస్‌లో తన మొదటి బొటీక్ తెరిచినప్పుడు గోడలకు ఆ జూయి గుడ్డే కట్టించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లకు అదే సంస్థలో మరియా గ్రాజియా క్యూరీ ఆ బొమ్మల్ని సంచుల మీదికి, గౌన్ల మీదికి మళ్లీ తెచ్చింది.

ఆ గోడ ఫోటో చూసినప్పుడల్లా మచిలీపట్నం పక్కనున్న పెడన వీధుల్లో అచ్చుదిమ్మె మీద పడే పిడికిలి చప్పుడు నాకు వినపడుతుంది. ఆ గోడకు, ఆ పిడికిలికి మధ్య మూడొందల ఏళ్లు, రెండు సముద్రాలు, ఒక నిషేధం ఉన్నాయి. ఒక్క అద్దకందారు పేరు మాత్రం లేదు.

న్యాయం చెప్పాలంటే, 2023 మార్చి 30న అదే క్యూరీ డియోర్ కలెక్షన్‌ను ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు నడిపించింది. తమకు ఏళ్లుగా ఎంబ్రాయిడరీ చేసిపెట్టే ముంబయి చాణక్య కార్ఖానా పేరు బాహాటంగా చెప్పింది. సూదిపనితో నింపిన పెద్ద తోరణం కింద నుంచి మోడళ్లు వచ్చారు. వేడుక హంగులో కొంత వ్యాపారముందని నాకు తెలుసు. అయినా సంతోషించాను. గుంజ ఆ రాత్రి ఫోటోలో పడింది. కార్ఖానా పేరు దాకా వచ్చారు, మనిషి పేరు దాకా కూడా రావాలి.

కుట్టూ, నువ్వు లేనిచోట కూడా నిన్ను తలుచుకోక తప్పదు. జపాన్ డిజైనరు ఇస్సే మియాకే జీవితమంతా ఒక్క గుడ్డముక్క కోసం వెతికాడు. గొట్టంలా అల్లిన గుడ్డను గీతల వెంట కత్తిరించుకుంటే కుట్టే పని లేకుండా బట్ట తయారయ్యే పద్ధతి 1990ల చివర్లో తెచ్చాడు. ప్రపంచం నోరు తెరిచింది. నేనూ తెరిచాను, కాస్త తక్కువగా. మా ఇంట్లో బీరువా నిండా కుట్టులేని గుడ్డలే, ఐదున్నర మీటర్లవి. సూది అవసరం లేకుండా ఏ ఒంటికైనా ఒదిగే గుడ్డ ముందు నువ్వు కూడా చెప్పులు విడిచే నిలబడతావు, నాకు తెలుసు.

ఫలశ్రుతి.

ఈ దండకం చదివితే పుణ్యమొస్తుందని చెప్పను. చూపు కొంచెం మారితే చాలు. ఏ డిజైనరు ఏ మహాచిత్రకారుణ్ణి తలుచుకున్నా, ఏ రాజుల కథ చెప్పినా రెండు ప్రశ్నలు అడగండి. తెచ్చుకున్నదాన్ని చేతిపనితో తీర్చారా? ఆ చెయ్యి ఎవరిదో చెప్పారా? రెంటికీ అవునంటే చప్పట్లు కొట్టండి. ఒక్కదానికే అయితే సగం కొట్టండి. రెండూ లేకపోతే లైట్లకూ పాటలకూ మోసపోకండి.

మీ ఊరి కొట్లో రవికైనా సరే, మ్యూజియం అద్దాల వెనకున్న గౌనైనా సరే, వీలైతే లోపలివైపు చూడండి. ధర చీటీ తర్వాత చూద్దురుగాని. ముందు తిరగేయండి.