తెలుఁగు కావ్యములలోఁ బసులకొట్టము

ఆంధ్రకావ్యములలో గోవునకుఁ గొఱఁత లేదు. వసిష్ఠుని హోమధేనువుకొఱకు విశ్వామిత్రుఁడు పెంచుకొనిన పగ మొదలుకొని విరాటుని యాలమందలపైఁ గౌరవులు పడిన దండయాత్రవఱకు భారతకథ పలుమాఱులు గోవుచుట్టునే తిరిగినది. భాగవతదశమస్కంధమున బాల్యకథ యంతయు మందలోనిదే. దానములలో మొదట గోదానము, వాత్సల్యమునకు ఉపమానము లేఁగదూడనుఁ దలఁచు తల్లియావు. ఇంత గలిగియు విమర్శకు లంతగా వేయని ప్రశ్న యొకటి మిగిలియున్నది. ఈ గోవులకు మేఁత వేసిన వా రెవరు? కుడితి కలిపినవా రెవరు? పేడ యెత్తినవా రెవరు? తొలిచూలి యావు ఈనలేక పెనుఁగులాడు రాత్రి దీపము పట్టుకొని దానికడఁ గూర్చుండిన వా రెవరు? కావ్యములలో గోవు సమృద్ధిగాఁ గలదు. కొట్టము మాత్రము మిక్కిలి యరుదు.

ఒక జత యెడ్లు, ఒక యావు, ఒక గేదె గల చిన్న కాఁపుసంసారమునఁ బశుపోషణ మెట్టిదో పల్లెనెఱిఁగినవారికిఁ జెప్పఁబని లేదు. తెలవాఱకమున్నే పేడ యెత్తి తొలఁగఁ బోయవలెను. దూడను విడిచి, చేఁపిన వెంటనే లాగి కట్టి, పాలు పిదుకవలెను. బియ్యము కడిగిన నీళ్లు, తవుడు, చిట్టు కలిపి కుడితి పెట్టవలెను. ఎండ ముదురకమున్ను పసులకాపరి కప్పగింపవలెను. పొద్దు గ్రుంకువేళ వచ్చిన వానిని లెక్క చూచికొని పలుపులు వేయవలెను. దోమలు పోవుటకుఁ బొగ వేయవలెను. దుక్కిదినములలో నడిరాత్రి లేచి యెడ్లకు మఱల గడ్డి విదుల్చవలెను. ఈ పనికి ఆదివారము లేదు, పండుగ లేదు, ఇంట శవము లేచిన దినమునను సెలవు లేదు. మే నెలలో గడ్డివామి క్రుంగుచున్నకొలఁది యింటి యజమానుని ముఖమును గ్రుంగును. ఏరువాక ముందర జతలో నొక యెద్దు పడిపోయెనా, రెండవది యున్నదన్న మాటయేగాని కాడి కదలదు. ఆ యేఁటి సేద్యము పొరుగువాని దయపై నిలుచును.

భాష యీ కష్టమును మఱవలేదు. క్రేపు, లేఁగ, పెయ్య, పడ్డ, కోడె, గిత్త, ఆఁబోతు అనునవి వయస్సును బట్టియు జాతిని బట్టియుఁ బుట్టిన పేరులు. చూలు, ఈఁత, చేఁపు, వట్టిపోవుట అనునవి పాడిలోని దశలు. పలుపు, తలుఁగు, గుంజ అనునవి కట్టుటకుఁ గావలసినవి. 1868లోఁ గార్ దొర మదరాసున వెలువరించిన లోకోక్తిసంపుటమును ద్రిప్పిన చదువరికిఁ బసులకొట్టము కావ్యములకంటె సామెతలలోనే యెక్కువ కనఁబడును. ఆవు చేనిలో మేసిన దూడ గట్టున మేయునా యన్న సామెతను బిల్లల నడవడికకుఁ జెప్పుదురు గాని, దానిని మొదట నన్నవాఁడు పొరుగువాని చేతఁ దిట్లు తినివచ్చిన పసులవాఁడై యుండును. ఎద్దు పుండు కాకికి ముద్దా యన్నవాఁడు కాడి యొఱసిన మెడను దినదినమును జూచినవాఁడు.

ఇఁక కావ్యములమాట. భారతమున నజ్ఞాతవాసమునకుఁ బోవునపుడు సహదేవుఁడు గోపాలకవృత్తిని గోరుకొనెను. తన పోషణలో గోవులు శీఘ్రముగాఁ బెరుఁగుననియు, వానికి రోగ మంటదనియు మూలమున నాతఁడు విరాటునితోఁ జెప్పికొనును. ఇది యుద్యోగార్థి పలుకవలసిన పలుకే. నిజముగాఁ బసులను బెంచినవాఁడు రోగ మంటదని యెన్నఁడు ననఁడు. గాళ్లు, జబ్బవాపు, గురక, ముసర యను పేరులు విన్నంతనే యూరు హడలిన కాలము దీర్ఘముగా నడచినది. వానిలో ముసర ప్రపంచమంతటను నశించినదని 2011లోఁ బ్రకటింపఁబడువఱకు నది యెన్ని దొడ్లను వట్టిచేసినదో యే కావ్యమునకు నెక్కలేదు. ఘోషయాత్రకథ యీ విషయమునఁ గొంత మేలు. మందల లెక్క చూచుట, దూడలకు గుఱుతు వేయించుట యనునవి దుర్యోధనుఁడు చూపిన మిషలు. మిష నమ్మఁదగినదై యుండవలెను గనుక, ఏఁటేఁట జరుగవలసిన పని యొకటి యీ త్రోవను గథలోనికి వచ్చినది. యుద్ధము మొదలైనంతనే దూడలు మఱవఁబడినవి.

పోతన చేతిలో విషయము వేఱు. సేద్యము చేసికొని బ్రదికిన కవి యని యాతనిఁ గూర్చిన జనశ్రుతి యెంతవఱకు నిజమో యిచట విచారింపఁబని లేదు. దశమస్కంధము మాత్రము మందవాసన నెఱిఁగిన చేతివ్రాఁత. గోపికలు యశోదకడకు వచ్చి కృష్ణుని యల్లరిని మొఱపెట్టుకొను పద్యములలో, క్రేపులను ఆవులకు విడిచిన ముచ్చట గల కందము బడిపిల్లలకును గంఠస్థమే. పాలు, బాలురు, బాలింతలు, బాలుఁడు అను శబ్దముల పొందికను జూపి, అనుప్రాసము రమ్యమని చెప్పి, పద్యమును విడుచుట పాఠశాలలలో వాడుక. అనుప్రాసము రమ్యమే. దానిచాటున నున్న నష్టమును జూడకున్న మాత్రము పద్యము సగమే చదివినట్లు.

ఆవు పొదుఁగున నున్న పాలు పిదుకువాని చేయి సోఁకినంతనే చెంబులోనికి రావు. దూడ మూతితోఁ బొడిచిన మీఁదట తల్లి చేఁపును. మెదడు క్రింది గ్రంథినుండి వెలువడు రసము రక్తముతోఁ బొదుఁగును జేరుటచే నిది జరుగునని నేఁటి శాస్త్రము చెప్పుచున్నది. ఆ చేఁపు కొలఁది నిమిషములే నిలుచును. ఆ నిమిషములలోఁ బిదికినవే యింటి పాలు. కావుననే దూడను వేఱుగఁ గట్టుదురు, వేళకు విడుతురు, నాలుగు గ్రుక్కలు కుడువనిచ్చి లాగుదురు. వేళ గాని వేళ దూడ విడివడెనా, ఆ పూఁటకుఁ బాడి లేదు. దూడ చచ్చినచో నావు చేఁపుట మానునేమో యని భయపడి, దాని తోలులో గడ్డి కుక్కి తల్లియెదుట నిలుపు నింటివారి దైన్యమును బల్లెలలోఁ జూచినవారు కలరు.

ఇప్పుడు మూలముతోఁ బోల్చి చూడవలెను. సంస్కృతభాగవతమున బాలుఁడు దూడలను వేళ గాని వేళ విడుచును, కేకలు వేసిన నవ్వును, అంతియే. పాలు లేని బిడ్డలను, మొఱపెట్టు బాలింతలను దెచ్చిపెట్టినవాఁడు పోతన. అసమయ మను నొక మాటలో నేమి మునిఁగిపోయినదో యాతనికిఁ దెలియును. చంటిబిడ్డల కిదివఱకే పాలు చాలని యింటనే యీ యల్లరి జరిగినది. అంతకంటె లోఁతు మఱియొకటి కలదు. దూడనోటిలోనిది లాగి బిడ్డనోటఁ బోయుటయే పాడి. ప్రతియుదయమును గృహిణి యా రెండాఁకలుల నడుమఁ దీర్పు చెప్పవలెను. ఆ దినమున బాలకృష్ణుఁడు దూడపక్షమునఁ దీర్పు చెప్పి నవ్వెను. ఆ నవ్వును భగవల్లీల యని వ్యాఖ్యానించుట తప్పు గాదు. బాలింతల మొఱ యబద్ధ మనుకొనుట తప్పు.

చల్దుల ఘట్టమునను నిట్టిదే యొకటి కలదు. గోపబాలురు చల్దిమూటలు విప్పి నవ్వులాటలతో నారగించుచుండఁగా లేఁగలు పచ్చికకు మరగి యడవిలోనికిఁ బోవును. చేతికబళము చేతనే యుండఁగాఁ గృష్ణుఁడు వానిని వెదకఁబోవును. బ్రహ్మ వానిని దాఁచెనని, అది మాయ యని తరువాతికథ. కాని పసులకాపరి యెన్నఁడుఁ గడుపునిండ నొకచోటఁ గూర్చుండి తినలేఁడన్న సత్యము మాయకంటె ముందుగా నచట నిలిచియున్నది. కూడు తెఱచిన సమయముననే మంద చెదరును; ఎన్ని మాఱులు జరిగినను గాపరి కది క్రొత్తయే. ఆ ఘట్టమున ఊరుగాయల రుచిని వర్ణించి చెప్పు పండితులు సగము తినిన కబళమును గూడఁ జూపుదురు గాక.

కొట్టములోనికి నేరుగాఁ జూపు సారించిన ప్రౌఢకవి కృష్ణరాయలు. ఆముక్తమాల్యదలోఁ జతుర్థాశ్వాసమున వర్షర్తువర్ణనలో ముసురునాఁటి రెడ్లపద్య మొకటి కలదు. గురుగు, చెంచలి, తుమ్మి, లేఁత తగిరిస, చింతచిగురు కలిపి నూనెతో వండిన కూర, ఆరికల కూడు, పసులు పొలమునకుఁ బోయినవి, ఇంట మిగిలిన క్రేపులు మేను నాకుచున్నవి, మేఁకపెంటికల కుంపటి ప్రక్కన మంచము, దానిపై రెడ్లు. సార్వభౌముఁడై, దిగ్విజయములు చేసి, పంచమహాకావ్యములలో నొకటిగా లెక్కింపఁబడు గ్రంథమును వ్రాసిన రాజు, మేఁకపెంటికల నిప్పు వేఁడిని గుర్తుంచుకొనుట యాశ్చర్యము. పెంటికలు భగ్గున మండవు, నెమ్మదిగా రాజుచుండును. జడివానలో నెండుకట్టె దొరకని యింట నట్టి నిప్పే యుపకరించును.

క్రేపులు మేను నాకుట మఱియు సూక్ష్మము. తల్లులు పొలమునకుఁ బోయినవి. దూడలకుఁ దోఁచదు. మనుష్యుని మేనిపై నున్న చెమటయుప్పు వానికిఁ బ్రియము. నాకించుకొనువాఁడు దాని నదలింపక పరుండుట పశువుతోఁ గలిసి బ్రదుకువాని లక్షణము. ఒకే చూరు క్రింద మనుజుఁడును బశువును నున్నారన్న సంగతిని వేఱుగఁ జెప్పక, రెండు మూఁడు పదములలో రాయలు చూపెను. ఈ పద్యము రెడ్ల నెగతాళి చేయుటకు వ్రాయఁబడినదని కొందఱి భావము. అది నిలువదు. ఎగతాళి చేయువాఁడు కూరలోని యాకులను బేరుపేరునఁ జెప్పఁడు.

అయినను నీ పద్యమునందే యొక వెలితి కలదు. పసులు పొలమునకుఁ బోయినవి. వానితోఁ బోయిన వాఁ డెవఁడు? ఆ జడిలో గోనెసంచియో కంబళియో నెత్తిపై వేసికొని, బురదలోఁ గాలు దిగఁబడుచుండఁగా, జోరీఁగలకుఁ దోఁకలు విసరు మంద ననుసరించి నిలిచియున్న బాలుఁడు పద్యమునకు వెలుపల నున్నాఁడు. వానకాలము పసులకుఁ గష్టకాలము. లేఁతపచ్చిక యతిగా మేసినఁ గడుపుబ్బును. తడినేల నిలిచి గిట్టలు మెత్తఁబడి చెడును. కొట్టము నేల యారదు. మంచముపై నున్నవానికిఁ గల తీఱిక వెలుపల నున్నవాని తడి వలన దొరకినది. కావ్యమున లేనిదానిని వెదకుట యన్యాయ మని యాక్షేపింపవచ్చును. ద్వారము తెఱవని కవి నెవ్వరు నడుగరు. రాయలు ద్వారము తెఱచి క్రేపులను జూపెను గనుకనే, పొలమువైపుననున్న రెండవ ద్వారమును గూర్చి యడుగ వలసివచ్చినది. ప్రభువు ప్రభువునే చక్కఁగాఁ జూచెను.

ఇట్టి వస్తువులు కావ్యములకు దూర మగుటకు గ్రామ్యదోష మను బెదరింపు గొంత కారణము. పేడ, కుడితి, పెంట యను మాటలు ప్రబంధకవి కలమును బట్టియాపినవి. కాని లాక్షణికులపైనే భార మంతయు మోపరాదు. దండి స్వభావోక్తిని అలంకారములలో మొదటిదిగాఁ బేర్కొనెను; వస్తుస్వరూపమును గన్నులకుఁ గట్టునట్లు చెప్పుట కది రాజమార్గము. ఆ మార్గమున నడువలేకపోయినది శాస్త్రముచేతఁ గాదు, చూడకపోవుటచేత. ఇరువదవ శతాబ్దమున దువ్వూరి రామిరెడ్డి సేద్యగాఁడై యుండి కృషీవలుని గావ్యనాయకునిఁగా నిలిపినప్పుడు గ్రామ్యత యన్న యాక్షేపణ చెల్లలేదు.

ప్రబంధములు విడిచినదానిని వీరగాథలు పట్టుకొన్నవి. కాటమరాజు కథను గొల్లసుద్దులుగా విన్నవారు యుద్ధమునే తలఁతురు. కాని కథకు మూలము కత్తి కాదు, గడ్డి. అనావృష్టిచే మేఁత దొరకక యాదవులు మందలను దక్షిణమునకుఁ దోలుకొని నెల్లూరిసీమకు వత్తురు. నల్లసిద్ధిరాజు బీళ్లలో మేపుకొనుటకుఁ బుల్లరి నిశ్చయమగును. పుల్లు గడ్డి, అరి పన్ను. ఆ యేఁట నీనిన కోడెదూడలను రాజున కీయవలె నని కథ చెప్పును. ఈ షరతు కథకుని చమత్కారము గాదు. మంద పెరుఁగుట పెయ్యలవలన. కోడె లెక్కువైనచో మేఁతకే బరువు. రాజునకు దున్నుటకుఁ గోడెలే కావలెను. పశుపాలకుఁడును సేద్యపురాజ్యమును మైత్రితోఁ బంచుకొనఁదగిన పంపకమే యది. రాజుకడవారు గోవులను జంపిరని యాదవులు పుల్లరి నిలిపివేయుటతో నా పంపకము చెడినది, పోరు వచ్చినది. ఒక దూడను బెంచుట కెంత పట్టునో తెలిసినవారి కథ గనుకనే, గోవు చచ్చిన పిదప మాట తిరుగలేదు.

ఆ పుల్లరి యన్న మాట యాఱువందల యేండ్లకుఁ బైగా బ్రదికి, పల్నాటి యడవిపల్లెలలో 1921, 1922 సంవత్సరములందు మఱల రక్తము చూచినది. అడవిలోఁ బసులను మేపుకొన్నందుకు విధించిన పన్నును నిరాకరించిన కన్నెగంటి హనుమంతు 1922లోఁ గాల్పులకు గుఱియై మరణించెను. వీరగాథలోని పదము సర్కారు రసీదులోని పదమై నిలిచినది. కాటమరాజు కథను భాషాచరిత్రకై చదువువారు ఈ యొక్క పదముకడ నాఁగి చూడవలెను.

ఆ పోరులోనే నల్లసిద్ధిపక్షమునఁ బోరాడినవాఁడు తిక్కనసోమయాజి జ్ఞాతి యగు ఖడ్గతిక్కన. ఒకనాఁడు వెనుకకు మరలి యింటికి వచ్చిన యాతనికిఁ దల్లి విఱిగిన పాలు వడ్డించి, గడ్డి మేయఁబోయిన పసులును విఱిగినవి, పాలును విఱిగినవి యని యన్నట్లు చాటువు గలదు. విఱుగుట యను క్రియ నామె యుద్ధమునుండి పాఱివచ్చుటకును, మంద చెదరుటకును, పాలు చెడుటకును గలిపి వాడినది. పండితులు దీనిని శ్లేషకు లక్ష్యముగాఁ జూపుదురు. మంద చెదరిన సాయంకాలమునఁ బసులు పొద్దుపోయి వచ్చుట, పిదుకువేళ తప్పుట, మిగిలిన నిలువపాలు పొంగకయే విఱుగుట యను వరుస యింటిలోనివారికిఁ దెలిసినదే. వీరునిఁ దిరిగి రణమునకుఁ బంపిన యా పలుకు వంటయింటినుండి రాలేదు. కొట్టమునుండి పాలకుండతో వచ్చినది.