గాలికి కాపలా

మనకు ఊపిరి పోసే ఆక్సిజన్ కొన్ని సూక్ష్మజీవులకు విషం. మన పేగుల్లో, చెరువు అడుగు బురదలో హాయిగా బతికే ఇవి ప్రయోగశాల బల్ల మీదికి రాగానే చచ్చిపోతాయి. గాలి లేకుండా బతికే జీవులున్నాయని పాశ్చర్ 1861లోనే చెప్పాడు. వాటిని పెంచడం మాత్రం వేరే విద్య.

బెర్లిన్‌లో సూక్ష్మజీవుల నిపుణుడు కాక్ ప్రయోగశాలలో 1889లో జపాన్ శాస్త్రవేత్త కితసాటో ధనుర్వాతం క్రిమిని మొదటిసారి విడిగా పెంచాడు. కలగలుపు కల్చర్‌ను 80 డిగ్రీల వేడిలో ఉంచితే, వేడికి తట్టుకునే దాని సిద్ధబీజాలు మిగిలాయి, తక్కినవి చచ్చాయి. ఆ మిగిలినదాన్ని హైడ్రోజన్‌లో పెంచాడు. 1916లో మెకింటోష్, ఫైల్డ్స్ అనే శాస్త్రవేత్తలు సూక్ష్మజీవులను పెంచే మూత జాడీలో పలేడియం లోహం పెట్టారు. హైడ్రోజన్‌ను, మిగిలిన ఆక్సిజన్‌ను కలిపి నీరుగా మార్చేస్తుందది. జాడీతో చిక్కల్లా ఒకటే: లోపల ఏం మొలిచిందో తీసి చూడాలంటే మూత తెరవాలి, తెరిస్తే గాలి.

ఆ చిక్కు తీర్చింది చేతి తొడుగుల గది: గోడకు బిగించిన తొడుగుల్లోకి బయటినుంచి చేతులు దూర్చి లోపల పని చెయ్యొచ్చు. 1969లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరంకి, ఫ్రెటర్ బృందం మనిషి చిగుళ్ళలోని, ఎలుక పేగులోని బాక్టీరియాను ఇలాంటి గదిలో పెంచి చూపించింది. ఇప్పుడు చాలాచోట్ల కనిపించేది పారదర్శకమైన మెత్తటి ప్లాస్టిక్ గుడారం. లోపల ఎక్కువ భాగం నైట్రోజన్, కొంత కార్బన్ డయాక్సైడ్, కాస్త హైడ్రోజన్.

ఒక్క నైట్రోజన్ నింపి మూసేస్తే సరిపోదా? సరిపోదు. ఆక్సిజన్ ప్లాస్టిక్‌లోంచి, తొడుగుల్లోంచి సన్నగా చొరబడుతూనే ఉంటుంది. లోపలికి పోయే ప్రతి వస్తువూ కొంత మోసుకెళ్తుంది. అందుకే వస్తువులు ముందు చిన్న అరలోకి వెళ్ళాలి. అక్కడ గాలి లాగేసి నైట్రోజన్ నింపడం రెండు మూడుసార్లు జరిగాకే లోపలి తలుపు తీస్తారు. పెట్రి ప్లేట్లను ముందురోజే లోపల పెట్టేస్తారు, వాటిలో ఇమిడిన ఆక్సిజన్ కూడా పోవాలి కదా. తర్వాత దొంగచాటుగా దూరినదాని పని పలేడియం చూసుకుంటుంది.

ఆ పలేడియానికీ సేవ చెయ్యాలి. ఆక్సిజన్‌ను మింగిన కొద్దీ నీరు పుడుతుంది, తేమ పట్టడానికి సిలికా జెల్ ఉండాలి. కొన్ని బాక్టీరియా వదిలే కుళ్ళుగుడ్ల కంపు వాయువు పలేడియం పని చెడగొడుతుంది, కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు ఓవెన్‌లో కాల్చి తిరిగి పెట్టాలి. ఆక్సిజన్ జాడ చూపే రెసజురిన్ రంగు గులాబీకి తిరిగిందంటే ఎక్కడో కాపలా సడలిందన్నమాట. గది కొనేటప్పుడు ఈ రోజువారీ చాకిరీకి మనిషిని లెక్కలో వేసుకోని ప్రయోగశాల డబ్బు దండగ చేసుకున్నట్టే.

ఇంత శ్రమకు ఫలం పెద్దదే. పేగుల్లో ఎవరెవరు ఉన్నారో డీఎన్ఏ చదివితే తెలుస్తుంది. వాళ్ళు ఏం తింటారో, ఏ మందుకు చస్తారో రుజువు కావాలంటే బతికించి పెంచి చూడాలి.

అయినా అన్ని పనులకూ గదే కావాలని లేదు. ఆసుపత్రిలో చీము పరీక్షకు చాలావరకు జాడీ చాలు. గోబర్ గ్యాస్ తొట్టెలో మీథేన్ తయారుచేసే జీవులు మరీ సున్నితం. వాటి కోసం, పక్కన ఖరీదైన గది ఉన్నా సరే, నేటికీ చాలామంది అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ పద్ధతినే పట్టుకున్నారు. పశువు పొట్టలో గడ్డిని అరగదీసే బాక్టీరియా కోసం ఆయన ఈ పద్ధతి రూపొందించాడు: వేడి రాగి మీదుగా పంపి ఆక్సిజన్ పీల్చేసిన వాయువు, గోడకు పలచగా అగార్ పట్టిన గాజు నాళిక, గట్టి రబ్బరు బిరడా.